ఎర్ర బకెట్‌లో కొలత

బకెట్ గొడవ మొదలై అప్పటికి వారం దాటింది. ఆ పొద్దున కాఫీల దగ్గర మళ్ళీ రాజుకుంది.

"ఎంత తోమినా అడుగున బూడిద మరక పోవడం లేదు. మీ నానమ్మ నెత్తిన సిమెంటు నీళ్ళు పోసుకోవాలా ఏం?" ఎర్ర ప్లాస్టిక్ బకెట్‌ను ఏకంగా హాల్లోకి తెచ్చి నేల మీద పెట్టింది తల్లి.

"తెచ్చిచ్చేశాను కదమ్మా. ఇంకా ఎందుకు?" అంది కూతురు, టిఫిన్ డబ్బా సర్దుకుంటూ.

"ఇచ్చావులే, రోగం తగిలించి."

"మరకకి ఎవరూ పోరు," అన్నాడు తండ్రి పేపరు వెనక నుంచి.

"మీరు ఊరుకోండి. అది పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటుంది. మీరేమో అవునమ్మా, నాలుగోది నేనే విరిచానంటారు."

పక్కన మంచం మీద కూర్చున్న నానమ్మ నవ్వింది. "నాకు తేలిగ్గా ఉంటుందనే గానీ, ఆ మరకతో నాకేం పేచీ లేదే. స్టీలు బకెట్ నేను ఎత్తలేను, అంతే."

ఆ ఇంటి అమ్మాయి కాంక్రీటు ప్లాంటులో ల్యాబ్ టెక్నీషియన్. కిందటి నెల ప్లాంటుకు కొత్త మీటర్ వచ్చింది. తడి కాంక్రీటులో దాని కడ్డీ గుచ్చితే, ఘనమీటరుకు ఎన్ని లీటర్ల నీళ్ళున్నాయో అంకె చూపిస్తుంది. అయితే ముందు దానికి సరైన అంకె నేర్పాలి. అదే కాలిబ్రేషన్. బకెట్‌నిండా కాంక్రీటు పోసి మీటర్ ఏం చెప్పిందో రాసుకోవాలి. ఆ కాంక్రీటులోంచే కొంత తూచి, మూకుడులో పొడిగా అయ్యేదాకా వేయించి, మళ్ళీ తూచాలి. తగ్గిన బరువు నీళ్ళది. ఆ లెక్కకు మీటర్‌ను సరిచేయాలి. ఆ పనికీ, తర్వాత రోజూ లారీల్లో కాంక్రీటు కొలవడానికీ ఇంట్లోంచి ఎర్ర బకెట్ పట్టుకెళ్ళింది. తల్లి పోరు పడలేక కిందటి గురువారం తిరిగి తెచ్చింది.

"అసలు నీ మిషన్‌కి మా బకెట్టే కావాలా? స్టీలు దాంట్లో కొలవకూడదా? ఎందులో పోసినా నీళ్ళు నీళ్ళేగా!" అంది తల్లి.

"స్టీలు టబ్‌లోనే కొలుస్తున్నానమ్మా. గురువారం నుంచీ..."

డబ్బా మూత పెడుతున్న చేయి అక్కడే ఆగిపోయింది.

కడ్డీకి జానెడు దూరంలో ఇనుము, స్టీలు ఉండకూడదు. మీటర్‌తో వచ్చిన పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. వచ్చిన రోజున అందరికీ చదివి వినిపించింది తనే.

శుక్రవారం మీటర్ నూట ఎనభైకి బదులు రెండు వందల పది చూపించింది. నీళ్ళెక్కువైతే కాంక్రీటు బలం తగ్గుతుంది. వరసగా మూడు లారీలు వెనక్కి పంపించింది. "ఆపరేటర్ లెక్క కన్నా ఎక్కువ నీళ్ళు కలిపాడు" అని రాసి మేనేజర్‌కు ఇచ్చింది.

ప్లాంటు ఆపరేటర్ మెట్లు దిగి వచ్చాడు. రెండేళ్ళుగా ఆమెను 'కొలతల మేడమ్' అని ఏడిపించేవాడు అతనే. రోజూ పదకొండింటికి ల్యాబ్ కిటికీలో మూత పెట్టిన టీ గ్లాసు ఉంచి, ఎవరు పెట్టారో తెలియనట్టు వెళ్ళిపోయేవాడూ అతనే. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

"నేను నీళ్ళు కలపలేదండీ."

"మీటర్ అబద్ధం చెప్పదు."

"చెప్పదు. మీరు నన్ను ఒక్క మాట అడిగుంటే, నేనూ చెప్పేవాడిని కాదు."

సాయంత్రానికి అతన్ని ప్లాంటు నుంచి తప్పించి స్టోర్‌లో కూర్చోబెట్టారు. సోమవారం పదింటికి మేనేజర్ తేలుస్తానన్నాడు. ఉంచడమో, పంపించడమో.

ఇవాళే సోమవారం.

"అమ్మా, బకెట్ ఇవ్వు."

"మళ్ళీనా!"

"ఇచ్చెయ్యవే," అంది నానమ్మ, మనవరాలి మొహం చూసి. "ఒక్క రోజు స్నానం లేకపోతే నేనేం మురిగిపోను."

స్టోర్‌లో అతను బోల్టులు సైజుల వారీగా వేరు చేస్తున్నాడు. గుమ్మంలో ఎర్ర బకెట్ కనబడగానే తలెత్తాడు.

"ఏంటి మేడమ్, నీళ్ళు కలిపానని సాక్ష్యం పట్టుకొచ్చారా?"

"కలపలేదని. రండి, టైమ్ లేదు."

సన్నగా వాన మొదలైంది. ల్యాబ్ రేకుల కప్పు మీద ఎవరో ఆవాలు చల్లినట్టు చప్పుడు. ఒకే తోపుడు బండి కాంక్రీటును ఇద్దరూ సగం స్టీలు టబ్‌లో, సగం ఎర్ర బకెట్‌లో పోశారు. ఆమె టబ్‌లో కడ్డీ గుచ్చింది. రెండు వందల పన్నెండు. బకెట్‌లో గుచ్చింది. నూట ఎనభై ఒకటి.

"మళ్ళీ చూడండి," అన్నాడు అతను.

మూడుసార్లు చూసింది. మూడుసార్లూ అంతే. అయినా మీటర్ మాట ఒక్కదాన్నే నమ్మే ధైర్యం ఇప్పుడు లేదు. కాంక్రీటు తూచి మూకుడులో వేసి స్టౌ వెలిగించింది. అతను గరిటె అందుకున్నాడు.

"మాడనివ్వకండి," అంది.

"మాడితే మీరు తినరా?"

నవ్వొచ్చింది. ఆపుకుంది. నవ్వే హక్కు ఇంకా రాలేదనిపించింది. తడి కంకర పొడిబారి గలగలలాడే దాకా కలిపాడు. తూచారు, మళ్ళీ వేయించారు, మళ్ళీ తూచారు. బరువు ఇక తగ్గలేదు. లెక్క కడితే నూట ఎనభై రెండు.

ఆమె కుర్చీలో కూలబడింది. "తప్పు నాదేనండీ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మీ మీద రాసిచ్చాను."

అతను గరిటె పక్కన పెట్టాడు. స్టౌ ఆర్పాడు. ఆమె కాగితం తీసుకుని రాయడం మొదలుపెడితే వెనక నుంచి చదివాడు.

"టబ్ వల్ల తేడా వచ్చిందంటే చాలదా? మీరు మార్చారని కూడా రాయాలా?"

"మార్చింది నేనే కదా."

"మీ ఉద్యోగం పర్మనెంట్ చేసేది ఈ నెలలోనేగా?"

"ఈ నెలలో చెయ్యకపోతే ఇంకోసారి చేస్తారు. మీకు ఇంకోసారి ఉండదు."

సంతకం పెట్టి, పదికి ఐదు నిమిషాలుండగా మేనేజర్ గదిలోకి వెళ్ళింది. పదిన్నరకు బయటికొచ్చింది. పర్మనెంట్ ఆరు నెలలు వెనక్కి పోయింది. మధ్యాహ్నం నుంచి అతను మళ్ళీ ప్లాంటు ఎక్కవచ్చు.

కిటికీలో మూత పెట్టిన టీ గ్లాసు ఉంది. ఈసారి పెట్టినవాడు వెళ్ళిపోలేదు. చూరు కింద సగం తడుస్తూ నిలబడ్డాడు.

"నాకు కోపం వచ్చింది పని పోతుందని కాదండీ. రెండేళ్ళ నా టీ కన్నా నెలనాటి మీటర్ ఎక్కువైందని."

"ఇకమీదట ముందు మిమ్మల్నే అడుగుతాను. తర్వాత ఎలాగూ వేయించి చూస్తాననుకోండి."

"ఎన్నాళ్ళు వేయిస్తారు?"

"మీరు ఎన్నాళ్ళు కలుపుతానంటే అన్నాళ్ళు."

అన్నాక గానీ తను ఏమందో ఆమెకే తెలియలేదు. గ్లాసు మీంచి అతను తీస్తున్న మూత చేతిలోంచి జారి గట్టు మీద గిరగిరా తిరిగింది. ఇద్దరూ అది ఆగేదాకా చూశారు.

"అయితే ఆదివారం మీ ఇంటికి మా అమ్మను తీసుకొస్తాను. మీరు అవునంటేనే," అన్నాడు.

"అవును," అంది. టీ చల్లారిపోయినా మొత్తం తాగింది.

సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే తల్లి చూసింది ఆమె చేతుల వైపే.

"బకెట్ ఏదే?"

"అది ఇక ప్లాంటులోనే ఉంటుందమ్మా. మీటర్ దానికే అలవాటు పడింది."

"మరి మీ నానమ్మ?"

ఆమె చెప్పులు విప్పి, వాటిని వరసగా పెట్టి, మంచం మీద నానమ్మ పక్కన కూర్చుంది. తండ్రి పేపరు దించాడు.

"నానమ్మకి ఆదివారం కొత్తది వస్తుంది, తేలికైనదే. మా ప్లాంటు ఆపరేటర్ తెస్తున్నారు, వాళ్ళమ్మగారితో." నానమ్మ చేయి పట్టుకుంది. గొంతు పెంచలేదు. "నేను ఆయన్ని చేసుకుందామని నిర్ణయించుకున్నాను."