ఎర్ర దీపం వెలిగితేనే మంచం

హైమవతి గారి యంత్రం నూకరాజు వీపు మీద ఆగింది. ఎర్ర దీపం భగ్గుమంది.

"అమ్మో! ఎన్ని దెబ్బలు తిన్నావయ్యా!" అందావిడ. "శరణాలయంలో నీకు మంచం ఖాయం."

ఫ్లైఓవర్ కింద పెరిగిన నూకరాజుకి తన దెబ్బలు ఒకందుకు పనికిరావడం అదే మొదటిసారి. ఇరవై ఏళ్ళవాడు కాస్తా చిన్నపిల్లాడిలా నవ్వాడు.

విశాఖకి ఆ ఏడే కొత్తగా వచ్చిన స్కానర్ అది. కమిలిన చోటు పైకి మానిపోయినా లోపల కండలోనూ నరంలోనూ దెబ్బ జాడ ఉండిపోతుంది. దాన్ని పట్టి చూపిస్తుంది. దెబ్బలు తిన్నవాడే రేపు ఇంకొకణ్ణి కొడతాడు కనుక, ఎక్కువ తిన్నవాళ్ళని ముందు శరణాలయంలో చేర్చుకుంటే వీధిలో నెత్తురు ఆగుతుందని డాక్టర్ హైమవతి ఆలోచన. ఆలోచన మంచిదే, పాపం. మంచాలే తక్కువ.

తర్వాత పైడితల్లి వంతు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. నూకరాజు తోడబుట్టింది కాదు గాని, వాడి పక్కనే పెరిగి పెద్దదైంది. ఆమెకి పచ్చ దీపమే వెలిగింది.

"ఈ అమ్మాయికి పెద్దగా దెబ్బల్లేవు. వచ్చే వారం చూద్దాం."

"తుఫానొస్తందమ్మా! దాన్నెవడు కొట్టబోయినా నాను అడ్డం పడిపోనాను, అందుకే లేవు," అన్నాడు నూకరాజు. "నా మంచం దానికిచ్చీండి."

"నీ వీపు ఆమెది కాదుగా నాయనా. యంత్రం ఒప్పుకోదు."

బయట వాన మొదలైంది. ఫ్లైఓవర్ స్తంభాల చాటున కుర్రాళ్ళు అప్పటికే ఒకళ్ళనొకళ్ళు ఇనప గొట్టాలతో బాదుకుంటున్నారు. ఎవరికీ ఎవరి మీదా పగ లేదు. అందరికీ మంచం కావాలి. ఒకడి పెదవి చీలితే కొట్టినవాడే నెత్తురు తుడిచి, ఇక నన్ను కొట్టమని వీపు తిప్పాడు.

పైడితల్లి వణుకుతూ గోడకి చేతులానించింది.

"కొట్టీ అన్నా. ఓర్చుకుంటాను."

"నా సెయ్యి నీ మీద లెగదే."

"అయితే ఈ వానలో సచ్చిపోతాను. సూస్తూ కూకో."

ఎక్కడ కొడితే ఎముక విరగదో, ఎక్కడ కొడితే జాడ మిగులుతుందో నూకరాజుకి బాగా తెలుసు, తిని నేర్చుకున్నాడు. బెల్టు తీశాడు. మొదటి దెబ్బకి పైడితల్లి కెవ్వుమంది. రెండో దెబ్బకి వాడే కెవ్వుమన్నాడు. ఏడుస్తూనే, చాలనిపించేదాకా చావబాదాడు.

మళ్ళీ యంత్రం పెడితే ఎర్ర దీపం వెలిగింది. హైమవతి గారు ఆ వీపు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఏ రాక్షసుడమ్మా ఇలా చేసింది?"

పైడితల్లికి మంచం ఇచ్చారు.

నూకరాజు తన మంచం మీద పడుకోలేకపోయాడు. తలుపు తీసి బయటికొస్తే, శరణాలయం మెట్ల మీద వానలో కుర్రాళ్ళు చొక్కాలు విప్పి వరసగా కూర్చుని ఉన్నారు.

"అన్నా, నువ్వు కొడితే మంచం గేరంటీ అంట," అన్నాడు ముందున్నవాడు. "మమ్మల్ని కూడా కొట్టవా?"

నూకరాజు చెయ్యి దానంతటదే బెల్టు మీదకి వెళ్ళింది.