గోడవార శ్రోతలు

మా క్లబ్బు నేలమాళిగలో ఉంటుంది. పైన బట్టల దుకాణం, పక్క సందులోంచి దిగే మెట్లు, మెట్ల కింద బరువైన తలుపు. రావడానికైనా పోవడానికైనా అదొక్కటే దారి. లోపల ఒక చివర చిన్న వేదిక, రెండో చివర వెనక గోడ. మధ్యలో, పక్కగా, కాస్త ఎత్తు మీద నా డీజే బల్ల. అక్కణ్ణించి రెండు చివరలూ కనబడతాయి.

క్లబ్బు మా బావది. నేను అక్కావాళ్ళింట్లోనే ఉంటాను. పెట్టుబడి బావ పెట్టాడు, జనాన్ని నేను తెచ్చాను. కనీసం నేనలా అనుకునేవాణ్ణి. ఏ పాట వెనక ఏ పాట కలిపితే కూర్చున్నవాడు లేస్తాడో నాకు తెలుసు. శుక్ర, శనివారాలు ఆ గదికి నేనే రాజుని.

ఒకరోజు భోజనాల దగ్గర బావ, శుక్రవారం నాకంటే ముందు ఒక గంట ఎవరిచేతనైనా వేదిక మీద పాడిద్దామన్నాడు. మనిషి నిలబడి పాడితే ఆ ఊపే వేరని ఎవరో చెప్పారట. అక్క వెంటనే తలూపింది. నేను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

వచ్చిన అమ్మాయి పగలు ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది. జీర గొంతు. గిటారు తనే వాయించుకుంటూ, కళ్ళు మూసుకుని పాడుతుంది. మొదటిరోజే నన్ను అన్నా అని పిలిచింది. అంత మర్యాదగా పిలిచే మనిషిని తిట్టుకోవడం కష్టం. అయినా తిట్టుకున్నాను.

ఆమె పాడుతుంటే గది మొత్తం ఊపిరి బిగబట్టింది. గ్లాసులో ఐసుముక్క కదిలినా వినబడింది. నా పాటలకు జనం ఎగిరారు, అరిచారు, కానీ ఎన్నడూ అలా నోరు మూసుకోలేదు. అప్పుడే వెనక గోడ వైపు చూశాను.

అక్కడ మామూలుగా ఎవరూ నిలబడరు. శబ్దం గోడకు కొట్టుకుని ముద్దగా వినిపిస్తుంది, పైగా పైపుల చెమ్మ వాసన. ఆ రోజు మాత్రం గోడవారగా ఒక వరుస మనుషులున్నారు. చేతుల్లో గ్లాసుల్లేవు, ఫోన్లు లేవు. తలలు కొంచెం ముందుకు వంచి, కదలకుండా వింటున్నారు. ఆమె పాట ముగిసింది. నేను నా మొదటి పాట ఎత్తుకుని తలెత్తేసరికి గోడ ఖాళీ.

ఇంకొకరైతే భయపడేవారేమో. నాకు ఒళ్ళు మండింది. నా పాట ఒక్కటైనా వినకుండా పోతారా?

తలుపు దగ్గర మనిషిని అడిగితే, ఆ సమయంలో ఎవరూ బయటికి పోలేదన్నాడు. కునుకు తీసి ఉంటాడనుకున్నాను. మరుసటి శుక్రవారమూ అదే తంతు. ఆ పై వారమూ అంతే. బావతో అంటే నవ్వి, కడుపుమంటకి మందు లేదురా, నీ పని నువ్వు చూసుకో అన్నాడు. నాకు క్లబ్బు తాళంచెవి ఇవ్వడానికి ఏళ్ళు పట్టిన మనిషి, ఆ అమ్మాయికి సాధన చేసుకోమని అప్పుడే ఒకటి ఇచ్చేశాడు కూడా.

ఒకసారి ఆమె మైకు వైరు చుడుతుంటే దగ్గరికెళ్ళి, వెనక గోడ దగ్గర నిలబడే నీ అభిమానులెవరని అడిగాను. వైరు చుట్టే చెయ్యి ఆగిపోయింది.

"నీకు కనబడతారా అన్నా?"

"ఎందుకు కనబడరు?"

"నేను చూడను. అందుకే కళ్ళు మూసుకుంటాను." మళ్ళీ వైరు చుడుతూ, ఇంకా చిన్న గొంతుతో అంది. "మొదలెట్టిన పాట మధ్యలో ఆపకూడదు. పూర్తయితే వాళ్ళంతట వాళ్ళే పోతారు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయంతో కాదు. బతికున్న జనం చాలక, ఆమెకి వాళ్ళు కూడానా? నాకు వాళ్ళు కావాలి. ఒక్కసారైనా ఆ తలలు నా వైపు వంగాలి.

తరవాతి శుక్రవారం ఆమె పాటని ఆమెకు తెలియకుండా రికార్డు చేసుకున్నాను. దానికింద నా తాళం వేశాను, అక్కడక్కడా సాగదీశాను. సోమవారం క్లబ్బుకి సెలవు. మధ్యాహ్నం భోజనం చేసి, పెద్ద స్పీకర్లలో ఎలా ఉంటుందో విందామని వెళ్ళాను. సందులో ఎండ మాడిపోతోంది. మెట్లు దిగి తలుపు మూయగానే కళ్ళకి ఏమీ కనబడలేదు. బల్ల మీది చిన్న దీపం ఒక్కటే వేశాను.

పాట మొదలైంది. ఆమె గొంతు ఖాళీ గదినంతా నింపింది. గోడ వైపే చూస్తున్నాను. ఎవరూ లేరు. శబ్దం పెంచాను. నేల అదిరింది. ముందు వాసన వచ్చింది. ఎన్నాళ్ళుగానో ఆరని బట్టల వాసన. ఆ తరవాత చీకట్లోంచి ఒక్కొక్క తలా తేలింది.

వచ్చారు. నా పాటకి వచ్చారు. శబ్దం ఇంకాస్త పెంచాను.

తలలన్నీ వేదిక వైపు తిరిగాయి. అక్కడెవరూ లేరు. ఒకడు స్పీకరు దగ్గరికి నడిచి, దాని జాలీకి చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆ తరవాత తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు.

నా వేలు దానంతటదే మీట నొక్కేసింది. పాట ఆగిపోయింది... సగంలో.

అడుగుల చప్పుడు లేదు. కానీ దగ్గరవుతున్నారు. బల్ల మీదికి ఒక ముఖం వంగింది. కళ్ళు, ముక్కు, నోరు... అన్నీ ఉన్నాయి. అయినా ఏదో తక్కువగా ఉంది. అదేమిటో ఇప్పటికీ చెప్పలేను.

"ఇందులో ఊపిరి లేదు," అంది ఆ ముఖం, గుసగుసగా. "నువ్వు పాడు."

మళ్ళీ మీట నొక్కాను. మీటల పక్కన శబ్దాన్ని చూపే చిన్న లైట్లు ఎగిరెగిరి పడుతున్నాయి, కానీ స్పీకర్లలోంచి చిన్న శబ్దమైనా రాలేదు. ఇక... పాడాను. స్నానాల గది దాటి ఎక్కడా పాడని వాణ్ణి, నోటికొచ్చిన పాట ఎత్తుకున్నాను. వాళ్ళు ఆగారు. తలలు ముందుకి వంచారు. ఊపిరి కోసం ఆగితే ఒక అడుగు దగ్గరికొచ్చారు. మళ్ళీ పాడాను. మాటలు అయిపోతే మొదటికొచ్చాను. గొంతులో నెత్తురు రుచి తగిలింది. అంత భయంలోనూ ఒక మూల చిన్న ఆనందం. వింటున్నారు... నన్నే వింటున్నారు.

గొంతు చీలి, మాట గాలిగా మారిన క్షణాన తలుపు తెరుచుకుంది. పనిలో మధ్యాహ్నం విరామానికి సాధనకి వచ్చిన ఆ అమ్మాయి, భుజాన గిటారుతో. ఒక్క చూపు చూసి గట్టిగా కళ్ళు మూసుకుంది. గోడ తడుముకుంటూ వేదిక దాకా వెళ్ళి, నేనెక్కడ ఆగిపోయానో సరిగ్గా అక్కణ్ణించి పాట అందుకుంది. తలలన్నీ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి.

బతికిపోయాను. కానీ ఆ తలలు నన్ను వదిలి తిరిగిపోతుంటే మనసుకి ఊరట కలగలేదు. నాతో ఆడుతున్న పిల్లల్ని ఎవరో చెయ్యి పట్టి తీసుకుపోయినట్టుంది.

పాట ముగిసింది. గది ఖాళీ అయింది. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"నీ పాట నువ్వు పూర్తి చెయ్యలేదా అన్నా?"

లేదని తలూపాను. ఆమె గిటారు తీసుకుని, నాకంటే ముందే మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆనాటినుంచి నా గొంతు పెగల్లేదు. డాక్టరు దీపం వేసి చూసి, లోపల అంతా బాగానే ఉంది, తగ్గిపోతుందన్నాడు. అక్క వేన్నీళ్ళు కాచిచ్చింది. శుక్రవారం బావ నన్ను ఇంట్లోనే ఉండమని, ఈసారికి మొత్తం ఆ అమ్మాయే పాడుతుందని చెప్పి వెళ్ళాడు. నా గదిలో దుప్పటి కప్పుకుని, ఆ మొత్తం అన్న మాటనే నములుతూ పడుకున్నాను.

ఫోను మోగింది. ఆ అమ్మాయే.

"అన్నా, ఇంట్లోనే ఉన్నావా?"

ఊఁ అన్నాను. గాలి మాత్రం వచ్చింది.

"ఈవేళ గోడ దగ్గర ఒక్కరే ఉన్నారు. నేను పాట ముగించి కళ్ళు తెరిచాను. అయినా పోలేదు. వేదిక ఎక్కారు." ఆమె గొంతు ఆగి ఆగి వస్తోంది. "అందరికీ కనబడుతున్నాడన్నా... అది నువ్వే."

ఫోనులోంచి వినిపించింది. ఊపిరి బిగబట్టిన గది. అందులో నా గొంతు. నేనెన్నడూ అంత బాగా పాడలేదు. పాట ముగియగానే చప్పట్లు... ఆగకుండా. కడుపులో మంట భగ్గుమంది. భయం ఆ తరవాతే వచ్చింది.

ఫోను ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు. అలాగే ఎంతసేపు పడి ఉన్నానో కూడా తెలీదు. హాల్లో అక్క బావతో ఫోనులో మాట్లాడుతోంది.

"వాడెప్పుడు వెళ్ళాడండీ? గదిలో పడుకున్నాడనుకున్నానే. అంత బాగా పాడాడా?" ఆమె గొంతు పొంగిపోతోంది. నా గురించి మాట్లాడుతూ అక్క అంత సంతోషపడగా నేనెప్పుడూ వినలేదు. "సరే, ఇద్దరూ వచ్చెయ్యండి. నేను తలుపు తీసే ఉంచుతాను."

అక్కా అని అరవబోయాను. గాలి మాత్రం వచ్చింది.

హాల్లో గొళ్ళెం తీసిన చప్పుడైంది.