బెల్లం నీళ్లు తాగిన చిమ్మట

తలుపు తోసుకొచ్చిన ఆమె కాళ్లకి ఒక్క చెప్పే ఉంది. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆమెకే తెలియదు.

"మేడమ్, మా తమ్ముడు అడవికెళ్లి రెండు రోజులైంది! ఎగువన వాగంతా జల్లెడ పట్టారు. ఈ సాయంత్రంతో వెతకడం ఆపేస్తారట!"

అసిస్టెంట్ ఆమెకి కుర్చీ లాగింది. డిటెక్టివ్ మేడమ్ మాత్రం తన చెప్పుల జత ఆమె ముందుకు తోసి, కారు తాళాలు తీసుకుంది.

ఆ తమ్ముడు చిమ్మటల మీద పరిశోధన చేసేవాడు. వెంట వెళ్లింది ఒక్క ఫొటోగ్రాఫరే. అటవీ ఆఫీసులో అతను కెమెరా చూపించాడు. అరచేతంత చిమ్మట, రెక్కల మీద కళ్లలాంటి మచ్చలు, ఈకల్లాంటి మీసాలు. వెనక మొసలి చర్మంలా పగుళ్లు తేలిన చెట్టు బెరడు.

"వాగు ఎగువన తీశానండి. బెరడుకి బెల్లం నీళ్లు పూశాం. ఇది నాలుక చాచి గంటసేపు తాగింది. తర్వాత నేనొచ్చేశాను, అతను అక్కడే ఉండిపోయాడు."

"తాగడం మీరు చూశారా?"

"కళ్లారా!"

ఆ తమ్ముడు ఆఫీసులోనే వదిలెళ్లిన చిమ్మటల పుస్తకాన్ని మేడమ్ అసిస్టెంట్ చేతిలో పెట్టింది. "మీసాలు చూడు, మచ్చలు చూడు. దీని ఇంటిపేరు కనుక్కో."

అక్క గోడ గడియారాన్నే చూస్తోంది. అసిస్టెంట్ తొందరకి పేజీలు రెండేసి తిరిగిపోతున్నాయి. వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకి.

"దొరికింది మేడమ్! పట్టు చిమ్మటల కుటుంబం!"

మేడమ్ అక్కనీ, ఫొటోగ్రాఫర్‌నీ, అటవీ గార్డునీ ఎదురుగా కూర్చోబెట్టింది. "కింద అతను రాసుకున్నది చదువమ్మా."

"'గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్నదే దీని తిండి. రెక్కలొచ్చాక నోరు పనిచెయ్యదు. బతికిన వారమూ పస్తులే.'"

"మరి బెల్లం నీళ్లు ఏ నోటితో తాగింది బాబూ? వేరే చిమ్మటలు తాగడం చూసి దీనికీ అంటగట్టావు. గంటసేపు తాగిందన్నది అబద్ధమైతే చోటూ అబద్ధమే కావచ్చు. గార్డుగారూ, ఈ మొసలి బెరడు చెట్లు వాగు ఎగువన ఉన్నాయా?"

"ఒక్కటీ లేదండి! దిగువన పాత క్వారీ దగ్గరే." అంటూనే గార్డు ఫోనందుకున్నాడు.

ఫొటోగ్రాఫర్ మొహం పాలిపోయింది. "ఈ జాతి ఈ అడవిలో దొరకడం ఇదే మొదలన్నాడు. పరిశోధన వ్యాసంలో నా పేరు కూడా వెయ్యమన్నా. కుదరదన్నాడు. తోసుకున్నాం... గోతిలోకి జారిపోయాడు. పిలిస్తే పలకలేదు. పోయాడనుకుని..."

"అనుకుని, వెతికేవాళ్లని ఎదురుదిక్కుకి పంపావా!" అక్క అతని కాలర్ పట్టేసుకుంది.

ఇరవై నిమిషాలు. ఫోన్ మోగింది. గార్డు స్పీకర్ నొక్కాడు.

"గోతిలో ఉన్నాడు సార్! కాలు విరిగింది. మాట పెగలట్లేదు, నీళ్ల సీసా వైపే చూస్తున్నాడు..."

అక్క ఫోన్ లాక్కుంది. "నేనేరా, అక్కని! మెల్లగా... మెల్లగా తాగు నాన్నా."

అవతల ఒక గుటక పడిన చప్పుడు వినిపించింది.