వేలు పెట్టి చూపించండి

"మీరు పాసేజీ చదవలేదు. మీకు తోచింది చదివారు," అంది కోర్టు టైపిస్టు.

లా కాలేజీ ఎంట్రన్సు పరీక్షకి ఆమె, మందుల షాపులో పనిచేసే ఒకతను, ఇద్దరూ ఊరి లైబ్రరీ పైగదిలోనే చదువుతారు. అతనికి ఆమె పెట్టిన పేరు తొందరబాబు. అతను రాగానే ఆమె పక్క కుర్చీలోని బ్యాగు ఒళ్ళోకి తీసుకుంటుంది. అతను కూర్చుంటాడు.

"తప్పేముందండీ? జాలర్లు నదిలో వల వేయడం మానేశారంటే చేపలు అయిపోయాయనేగా?"

"ఏ వాక్యంలో ఉంది? వేలు పెట్టి చూపించండి."

అతని వేలు పేజీ అంతా తిరిగి, ఎక్కడా నిలవలేక వెనక్కి వచ్చింది. మానేశారని ఉంది. ఎందుకో లేదు.

"లేనిది కలిపితే మార్కు పోతుంది బాబూ!" అని నవ్విందామె.

ఆ సాయంత్రం వాన. అతను కిటికీలోంచి చూస్తే, ఆమె ఎవరిదో బైకెక్కి, భుజం పట్టుకుని వెళ్ళిపోతోంది. మర్నాడూ అదే బైకు, అదే భుజం. తొందరబాబు జవాబు తేల్చేసుకున్నాడు. దేవుడు మనిషికి కళ్ళిచ్చినవాడు, కాస్త నిదానం కూడా ఎందుకివ్వలేదో!

తర్వాతి రోజు వచ్చి, కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"ఇకనుంచి ఇంట్లోనే చదువుకుంటానండీ."

"పరీక్ష ముందు పెట్టుకునా? ఏమైంది?"

"మీవారు ఏమైనా అనుకుంటారని..."

"మావారా? ఎవరది?"

"ఆ బైకు ఆయన."

"మా అన్నయ్య!" ఆమె పుస్తకం టప్పున మూసింది. "నాకు పెళ్ళయిందని ఏ వాక్యంలో ఉంది? పెట్టండి వేలు."

గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి. లైబ్రేరియన్ గట్టిగా దగ్గాడు.

తొందరబాబు గొంతు తగ్గించాడు. "తప్పేనండీ. మరి... మీకు నేనంటే ఇష్టమని ఎవరైనా జవాబు రాస్తే, అదీ తప్పేనా?"

ఆమె పక్క కుర్చీలోని బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఖాళీ కుర్చీ మీద వేలు పెట్టింది.

"రోజూ ఈ కుర్చీ ఎంతమంది అడిగినా, మనిషి వస్తున్నాడని చెప్పి మీకోసం ఆపుతున్నాను. జవాబు ఇక్కడుంది. నిదానంగా చదవండి."

అతనికి చెవులు ఎర్రబడ్డాయి. "మీ అన్నయ్యకి తెలిస్తే?"

"ఆయన మీకంటే నయం. ఎప్పుడో చదివేశాడు. పరీక్ష అవగానే మిమ్మల్ని ఇంటికి తీసుకురమ్మన్నాడు."

తొందరబాబు మొదటిసారి ఏ తొందరా లేకుండా, ఆ కుర్చీలో కూర్చున్నాడు.