రంగు మారని నీళ్ళు

పొద్దున్నే డ్రెస్సింగ్ గౌను మీదే గమ్‌బూట్లు తొడుక్కుని, ఒక చేత్తో టీ కప్పు పట్టుకుని జనీన్ ఇంటి వెనక చెక్క డెక్ మీదికి వెళ్ళింది. అక్కడున్న స్పా, అంటే వేడినీళ్ళ తొట్టి, మూత ఒక పక్కన ఎత్తి, సన్నటి కాగితప్పట్టీ ఒకటి నీళ్ళలో ముంచి, వెలుతురుకేసి పట్టుకుని చూసింది. వెచ్చటి ఆవిరి ముఖానికి కొట్టింది. ఓమరూలో ఆగస్టు అంటే చలికాలం, గడ్డి మీద మంచు ఇంకా తెల్లగా బిగుసుకునే ఉంది. పట్టీ రంగు చూసి ఆమె తృప్తిగా తలూపి, మూత దించి లోపలికి వచ్చింది.

వంటింటి కిటికీ దగ్గర వాకర్ పట్టుకుని నిలబడి ఆమె తల్లి నోలీన్ ఇదంతా చూస్తూనే ఉంది. ఎనభైకి దగ్గరపడిన మనిషి. చలికాలం మొదట్లో పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, కుట్లు మానాయి, కాలు మాత్రం మొండికేసింది. రోజూ వెచ్చటి నీళ్ళలో కూర్చుని కాలు ఆడిస్తే నడక తిరిగి వస్తుందని, మంచం మీదే ఉండిపోతే ఇక రాదని ఫిజియో తేల్చి చెప్పింది. ఆ ఒక్క మాట పట్టుకుని జనీన్, ఆమె భర్త డారిల్ కలిసి ఎవరో అమ్మేస్తున్న పాత స్పా కొని, ట్రైలర్ మీద వేసుకుని టిమరూ ఊరి నుంచి తెచ్చారు. అత్తగారు ఎక్కి దిగడానికి డారిల్ స్వయంగా చెక్క మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా చేసి పెట్టాడు.

ఇంత చేస్తే ఆవిడ అందులో దిగింది ఒకే ఒక్కసారి.

ఈ గురువారం నాడు ఆస్పత్రి తరఫున ఒక నర్సు ఇంటికి వస్తోంది. నోలీన్ తనంతట తాను లేచి నాలుగడుగులు వేయగలదా, తన పనులు చేసుకోగలదా అని చూసి రాసుకుపోతుంది. కూతురూ అల్లుడూ ఇద్దరూ పొద్దున పోతే సాయంత్రం దాకా ఇంటికి రారు. నడవలేదని తేలితే వృద్ధాశ్రమం తప్ప దారి లేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు గానీ ముగ్గురికీ అదే భయం.

మరి అంత భయం ఉన్న మనిషి ఎగిరి గంతేసి నీళ్ళలో దిగాలా వద్దా? దిగదు. నీళ్ళలో ఏ మందు వేస్తే ఆ మందుకు ఒక వంక. స్పా నీళ్ళు ఎప్పుడూ వెచ్చగా ఉంటాయి కాబట్టి మందు లేకపోతే రెండు రోజుల్లో పాచిపట్టి ఒంటికి దద్దుర్లు తెస్తాయని ఆ మందులమ్మే కొట్లో అమ్మాయి జనీన్‌కు మొదటే చెప్పింది. సరేనని ముందు క్లోరిన్ వేశారు. ఆ రోజే నోలీన్ దిగింది, హాయిగా కూర్చుంది, కాలు కూడా ఆడించింది. ఆవిడ లేచి తువ్వాలు చుట్టుకుని వంటింట్లో కూర్చోగానే జనీన్ పట్టీ ముంచి చూసి, లోపలికి తెచ్చి, "డారిల్, చూశావా, ముదురు ఊదా వచ్చింది" అని భర్తకు చూపించింది. నోలీన్ తాగుతున్న టీ అలాగే వదిలేసి తన గదిలోకి పోయింది. చలి వేసిందేమో అనుకున్నారు.

మర్నాటి నుంచి క్లోరిన్ కంపు పడదంది. జనీన్ మళ్ళీ కొట్టుకు పోయింది. బ్రోమిన్ అయితే వాసన తక్కువ, వేడికి కూడా తట్టుకుంటుందన్నారు. ఆ రెండూ ఒక నీళ్ళలో కలిసి పనిచేయవు కాబట్టి డారిల్ తొట్టి మొత్తం ఖాళీచేసి, కడిగి, మళ్ళీ నింపి, కాగే దాకా ఒక రోజంతా కాపలా కాశాడు. నోలీన్ మెట్ల దాకా వచ్చి, కూతురు చేతిలో పట్టీ ఆకుపచ్చకు తిరగడం చూసి, దీనికి ఒళ్ళు దురద అని వెనక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వెండి, రాగి ఉండే కడ్డీ ఒకటి తెచ్చారు. దానితో పాటు కాస్త క్లోరిన్ కూడా వేయాలని తెలిసి, అయితే అదీ వద్దంది. ఏది తెచ్చినా ఒకటే ప్రశ్న, దీనికి రంగు వస్తుందా అని. రంగుతో నీకేం పనమ్మా అని జనీన్ అడిగితే మాట మార్చేది. కొట్లో అమ్మాయి జనీన్‌ను చూడగానే నవ్వడం మొదలుపెట్టింది.

సోమవారం మధ్యాహ్నం జనీన్ ఆఫీసులో అనుమతి అడిగి పెందలాడే ఇంటికి వచ్చింది. డారిల్ కూడా ఆ రోజు ఇంటిపట్టునే ఉండి నీళ్ళు మార్చాడు. అంతా తిరిగి తిరిగి మళ్ళీ క్లోరిన్ దగ్గరికే వచ్చారు. నీళ్ళు కాగాయి, మెట్ల మీద రగ్గు పరిచారు, కుర్చీ మీద తువ్వాలు వేడిగా ఉంది. జనీన్ లోపలికి వచ్చి, లేమ్మా దిగుదువు గాని అంది. నోలీన్ కుట్టుపని మీద నుంచి తలెత్తకుండా, కాలు వ్యాయామం మంచం మీదే చేసుకుంటానంది.

"మళ్ళీ ఏమొచ్చింది?" అంది జనీన్.

"రంగు రాని మందు లేదా అమ్మాయ్?"

జనీన్ చేతిలో తాళాలు బల్ల మీద పడేసింది. "నీకేం కావాలో అదన్నా చెప్పు. క్లోరిన్ అంటే కంపన్నావు. బ్రోమిన్ అంటే దురదన్నావు. దిగకుండానే దురద ఎట్లా పెట్టిందమ్మా నీకు?"

"పెట్టింది. నాకు ఆ నీళ్ళు పడవు. నన్ను సతాయించకు."

"నీళ్ళు కాదు, నీకు మేం చేసేది ఏదీ పడటంలేదు. ఆ మనిషి నడుం పట్టుకుపోయేలా తొట్టి కడుగుతున్నాడు. నేను పని మానుకుని వచ్చాను. గురువారం ఆ నర్సు వచ్చి లేచి నడవమంటే ఏం చేస్తావు? ఆశ్రమానికి పోవాలనుంటే సూటిగా చెప్పు. సంచి నేనే సర్దుతాను."

అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. అయితే అన్న మాట వెనక్కి రాదు. గుమ్మంలో నిలబడ్డ డారిల్, ఇక చాల్లే జనీన్ అన్నాడు మెల్లగా.

నోలీన్ సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు. "దిగినా అక్కడికే, దిగకపోయినా అక్కడికే. దిగకుండా పోతే పరువన్నా మిగుల్తుంది. డారిల్, నువ్వు కాస్త బయటికి వెళ్ళు నాయనా."

ఏమీ అడక్కుండా అతను షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. తలుపు చప్పుడు వినిపించే దాకా ఆగి, గోడకేసి చూస్తూ ఆవిడ చెప్పింది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి పాస్ ఆగడం లేదట. దగ్గినా, లేచినా, వెచ్చటి నీళ్ళు తగిలినా తనకు తెలియకుండానే పోతోందట. గుడ్డలు పెట్టుకుని, వాటిని కూతురు లేనప్పుడు ఉతికి, హీటర్ వెనక ఆరేసుకుంటూ ఇన్నాళ్ళు నెట్టుకొచ్చింది.

"నా చిన్నప్పుడు మా బడి ఈతకొలను చూసుకునే ఆయన చెప్పేవాడు. నీళ్ళలో ఒక పొడి కలిపాం, ఎవరన్నా పాస్ పోస్తే చుట్టూ ఊదారంగు వస్తుందని. మొన్న నేను లేచాక నువ్వు ముంచి చూశావుగా. ముదురు ఊదా అన్నావు. అల్లుడికి కూడా చూపించావు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది జనీన్."

నోలీన్ పక్కన పెట్టిన గుడ్డను మడత పెట్టసాగింది.

"ఎదురింటి ఐవీకి మోకాళ్ళు రాళ్ళలా గట్టిగా ఉండేవి, బాగానే నడిచేది. పక్క తడుపుతోందని తెలిసింది, కొడుకు తీసుకెళ్ళి ఆశ్రమంలో చేర్చాడు. కాలు రాకపోతే పాపం ముసల్దంటారు. ఇదైతే ముక్కు మూసుకుంటారు."

జనీన్ తల్లి ముందు నేల మీద చతికిలబడింది. పొద్దునా సాయంత్రం ఆ పట్టీని కిటికీ ఎదురుగా ఎత్తి పట్టుకుని చూసింది తనే. ఈ ముసలి ప్రాణం అద్దం ఇవతల నిలబడి రోజూ తీర్పు కోసం ఎదురుచూసింది. అమ్మకు ఏ మందు పడుతుందో తను ఊరంతా తిరిగి అడిగింది గానీ, అమ్మా నీకేం భయం అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆమెకు ఏడుపు ఆగలేదు. తల్లి ఒళ్ళో ముఖం పెట్టుకుని, నన్ను క్షమించమ్మా అని ఒకటే అంది.

తేరుకున్నాక చెప్పింది. పట్టీ ఊదా వచ్చిందంటే నీళ్ళలో మందు చాలినంత ఉందని అర్థమట, అంతకుమించి అది ఏమీ చెప్పదట. ఆ పొడి లోకంలో ఎక్కడా లేదు, పిల్లల్ని బెదిరించడానికి పెద్దలు కల్పించిన మాట. తనకూ చిన్నప్పుడు అదే చెప్పారు, తనూ నమ్మింది.

"నన్ను ఓదార్చడానికి అంటున్నావు" అంది నోలీన్.

"ఇద్దరు పిల్లలు పుట్టాక నేను వాళ్ళతో ట్రాంపొలిన్ ఎక్కి ఎగరడం మానేశాను, తెలుసా నీకు? తుమ్మాలంటే కాళ్ళు ముడుచుకుంటాను. డారిల్‌కు కూడా తెలియదు."

ఆవిడ కళ్ళు పెద్దవి చేసి చూసింది గానీ ముఖంలో భయం పోలేదు. అరవై డెబ్బై ఏళ్ళు నమ్మిన మాట ఒక్క పూటలో వదులుతుందా ఎవరినైనా? జనీన్‌కు ఆ సంగతి అర్థమైంది. లేచి తల్లికి కోటు తొడిగింది, వాకర్ ముందుకు జరిపింది, మెల్లగా నడిపించుకుంటూ డెక్ మీది కుర్చీలో కూర్చోబెట్టింది. మూత పూర్తిగా తీసింది. బుడగలు ఆపేసింది. ఆఫీసు స్కర్టుతోనే, మేజోళ్ళతోనే మెట్లెక్కి తొట్టిలో దిగి కూర్చుంది.

పిచ్చి పట్టిందా నీకు, ఆ బట్టలేంటి అంటోంది నోలీన్. జనీన్ ఎదురుగా కంచె కేసి చూస్తూ కాసేపు అలా కూర్చుని, "అయిపోయింది" అంది.

"ఏమయిపోయింది?"

"నువ్వు భయపడ్డ పని. ఇప్పుడు చూడు."

నోలీన్ వాకర్ పట్టుకుని లేచి నిలబడి తొట్టిలోకి వంగి చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. అడుగున కూతురి మేజోళ్ళ వేళ్ళు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. సొంత మొగుణ్ణి సైతం సబ్బుతో స్నానం చేసి రానిదే ఆ నీళ్ళలో కాలు పెట్టనివ్వని పిల్ల ఇది.

ముందు ఆవిడ భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు బయటికి వచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి వాకర్ మీద నుంచి చెయ్యి తీయలేక, అలాగే నిలబడి నవ్వింది. "నవ్వించకే. నవ్వితే నాకు ఆగదు."

"ఆగకపోతే ఆగకపోయె. అమ్మా, గురువారం ఆ నర్సుకు ఈ సంగతి మనమే చెబుదాం. ఒక్క ఐవీకే కాదు, ఎంతోమందికి ఉంటుంది ఇది. వ్యాయామాలున్నాయి, మందులున్నాయి. నీ కాలొచ్చినా రాకపోయినా నువ్వుండేది ఇక్కడే. నేను వారంలో సగం రోజులు పని తగ్గించుకుంటాను. ఆ ఆశ్రమం మాట నా నోటి నుంచి ఇంకోసారి రాదు."

నోలీన్ కోటు బొత్తాలు విప్పుకోవడం మొదలుపెట్టింది. "డారిల్‌ను పిలువు. నన్ను దింపుతాడు."

"ఈ నీళ్ళలో వద్దమ్మా. రేపు మార్చాక దిగుదువు గాని."

"నీది నాకు కొత్తా? నీ పొత్తిగుడ్డలన్నీ ఈ చేతుల్తోనే ఉతికాను."

పిలిస్తే డారిల్ వచ్చాడు. నీళ్ళలో తేలుతున్న భార్య స్కర్టునూ, నవ్వి ఏడ్చి ఎర్రబడ్డ అత్తగారి ముఖాన్నీ చూసి, అడగకపోవడమే మంచిదని ఊరుకున్నాడు. రెండు చేతులా పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించి మెల్లగా లోపలికి దించాడు. వెచ్చదనం తుంటికి తగలగానే నోలీన్ కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. జనీన్ తల్లి పాదాన్ని నీళ్ళ అడుగున తన అరచేతిలో పెట్టుకుంది. ఆ పాదం ముందుకు నెట్టింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ నెట్టింది. ఎంత బలముందో చేతికి తెలుస్తుంటే జనీన్ మళ్ళీ ఏడ్చింది.

డారిల్ ఇంకా అక్కడే తచ్చాడుతున్నాడు. గొంతు సవరించుకుని, "ఇంతకీ ఏ మందు ఖాయం చేసుకున్నట్టు అత్తయ్యా? కొట్టు మూసేలోగా వెళ్ళొస్తాను" అన్నాడు.

నోలీన్ కళ్ళు తెరవకుండానే చెప్పింది.

"క్లోరినే తీసుకురా నాయనా. పెద్ద డబ్బా తే."