మూడు నెలల నీలం దీపం

"ఈ దీపం పోయిందండీ," అన్నాడు మెకానిక్.

పరిశోధక విద్యార్థినికి ఒళ్లు మండింది. "వెలుగుతోందిగా! కనబడటం లేదా?"

"కనబడేది ఉత్త నీలం వెలుగండీ. మీకు కావాల్సిన అల్ట్రావయొలెట్ కంటికి కనబడదు. అదే రావడం లేదు." మీటరు చూపించాడు. ముల్లు సున్నా దగ్గరే కునుకుతోంది.

ఆమె కుర్చీలో కూలబడింది. పిండిని కరిగించే ఎంజైమును ఎక్కువగా తయారుచేసే బాక్టీరియా కోసం మూడు నెలలుగా ఆ దీపం కిందే, పిండి మీద బాక్టీరియా పెంచిన ప్లేట్లు పెడుతోంది. శుక్రవారంలోగా ఫలితం చూపకపోతే ఈ పని ఆపేయమని ప్రొఫెసర్ తేల్చి చెప్పేశారు.

"అంటే ఇన్నాళ్లూ వాటికి దీపం పెట్టి జోల పాడానన్నమాట!"

అతను ఫక్కున నవ్వి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. "సారీ అండీ. కొత్త ట్యూబు ఇప్పుడే వేస్తాను. ఒక్క డౌటు. ఆ కనబడని వెలుగు బాక్టీరియాను చంపేస్తుంది కదా, మరి ఎక్కువ పనెలా చేస్తాయి?"

ఆ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కోపం ఎటు పోయిందో తెలియదు.

"చాలావరకు చస్తాయి. బతికినవాటిలో జన్యువులు కాస్త అటూఇటూ అవుతాయి. ఎక్కువగా చెడిపోతాయి. ఏ వేలల్లోనో ఒకటి మాత్రం..."

"బాగుపడుతుందా?"

"అదే చూడాలి!"

ఆ రోజే కొత్త ట్యూబు కింద ఆమె మళ్లీ ప్లేట్లు పెట్టింది. మర్నాడు ట్యూబు సరిచూడాలని అతను వచ్చాడు. ఆ మర్నాడు స్విచ్చి. గురువారం మీటరు మర్చిపోయానంటూ వచ్చాడు, మీటరు చేతిలోనే ఉంది.

శుక్రవారం పొద్దున్నే ఆమే ఫోన్ చేసింది. "త్వరగా రండి!"

అతను వచ్చాక ప్లేటు మీద అయొడిన్ పోసింది. పిండి ఉన్నచోటల్లా నల్లబడింది. బాక్టీరియా చుక్కల చుట్టూ మాత్రం, పిండి కరిగిన మేర, సన్నని తెల్లని వలయాలు. ఒక్క చుక్క చుట్టూ వలయం రెండింతలుంది. చూడబోయి ఇద్దరి తలలూ ఢీకొన్నాయి.

కాసేపటికి వచ్చిన ప్రొఫెసర్ కళ్లజోడు తుడుచుకుని మూడుసార్లు చూశారు. "దీని సంతానం కూడా ఇలాగే చేస్తుందా? చూడమ్మా. ఇంకో ఆరు నెలలు తీసుకో."

ఆయన వెళ్లగానే ఆమె మెకానిక్ వైపు తిరిగింది. "మరి రేపేం వంక చెబుతారు?"

"వంకలైపోయాయండీ. మీరంటే ఇష్టమని చెప్పడానికే వస్తాను."

"ఇప్పుడే చెప్పేశారుగా," అంది, మొహం కందిపోతుండగా.

"ఇంకోసారి చెబుతానండీ."

"అయితే పొద్దున్నే రండి."