లాలతొట్టి

అరుణపురంలో ఒంటిమీద నీళ్లు పోసుకున్నవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అంగారకుడి మీద నీటిచుక్క బంగారంతో సమానం. అందుకని పొద్దున్నే అందరూ ధ్వనిస్నానపు గదిలో నిలబడతారు. అల్ట్రాసోనిక్ తరంగాలు నిమిషంలో మట్టీ చెమటా రాల్చేస్తాయి. పురిటిబిడ్డలకూ అంతే. శుభ్రానికి ఏ లోటూ లేదు గానీ, ముట్టుకునే చెయ్యే కరువు.

అలాంటి ఊళ్లో డాక్టర్ పైడితల్లి వైద్యానికి రెండువందల లీటర్ల నీళ్లు కావాలంటే పాలకమండలి నోరెళ్లబెట్టింది. "ఈవిడకేమైనా మతిపోయిందా!" అన్నారు. ఆమెది ఉడుంపట్టు. ఏడాదిపాటు కాళ్లరిగేలా తిరిగి నీళ్లు సాధించింది, లాలతొట్టి కట్టించింది.

అది గోరువెచ్చటి నీళ్ల తొట్టి. మధ్యలో రెండు పొడవాటి మెత్తని దిమ్మెలుంటాయి, ఎవరో కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు. రోగి వాటిమీద పడుకుంటే సిలికోన్ చేతులు నూనె పట్టించి, ఒళ్లు రుద్ది, నీళ్లు పోస్తాయి. వాటి వేళ్లలోని స్పర్శగ్రాహకాలు, అంటే టాక్టైల్ సెన్సర్లు, ఏ కండరం ఎక్కడ బిగుసుకుందో కనిపెడుతూ ఉంటాయి. ఆ చేతులకు పని నేర్పింది పైడితల్లి అమ్మమ్మ. విజయనగరంలో ముప్పైయేళ్లు పసిపిల్లలకు నీళ్లు పోసిన మనిషి. ఎనభయ్యో ఏట సెన్సర్ చేతొడుగులు తొడుక్కుని పదిమంది పిల్లలకు పోసి చూపించింది.

ఇప్పుడు తొట్టిలో ఉన్నది కేతకి. ఇరవయ్యారేళ్లు, మూడునెలల పాపకు తల్లి. పాప నవ్వినంతసేపూ బాగానే ఎత్తుకుంటుంది. ఏడ్చిందో, చేతులు కొయ్యబారిపోతాయి, ఊపిరి ఆగిపోతుంది. రెండుసార్లు పాప జారి పడబోయింది. నెలాఖరులోగా ఏడ్చే బిడ్డను ఎత్తుకోలేకపోతే పాపను ఉమ్మడి పెంపకశాలకు పంపిస్తానని సంపూర్ణ అనే శిశుసంక్షేమాధికారి గడువు పెట్టేసింది.

కారణం పాత ఫైల్లో ఉంది. కేతకి పదకొండు నెలల పిల్లగా ఉన్నప్పుడు నివాసగోళానికి చిల్లుపడితే, ఆమెను రక్షణపెట్టెలో పెట్టి మూసేశారు. రెండురోజులు ఎవరూ రాలేదు. ఏడ్చి ఏడ్చి మానేసింది. అదేదీ ఆమెకు గుర్తులేదు. ఆమె చేతులు మాత్రం మర్చిపోలేదు.

తొమ్మిదిసార్లు లాల పోయించుకుంది. తొట్టిలో ఒళ్లంతా వెన్నలా కరిగేది, బయటికొచ్చి పాప ఏడుపు వినగానే మళ్లీ కట్టె.

"వాళ్లు నా పాపను తీసుకెళ్లిపోతారు డాక్టరుగారూ," అంది కేతకి వెక్కుతూ.

"ఎవులూ తీసుకెళ్లరు. ముందు ఆ కళ్లు తుడుచుకో," అంది పైడితల్లి. పైకి అలా అన్నా ఆమె కళ్లు క్యాలెండరు మీదే ఉన్నాయి. గడువు ఇంకా తొమ్మిది రోజులే.

ఆ మధ్యాహ్నమే, అమ్మమ్మ పిల్లలకు నీళ్లు పోసినప్పటి రికార్డింగు అసలు ప్రతి తీసి విన్నది. నీళ్ల చప్పుడు, లాలిపాట, అంతవరకూ తెలిసిందే. చివర్లో దోసెడు నీళ్లు మొహాన కొట్టిన చప్పుడు. బిడ్డ ఉలిక్కిపడి ఊపిరి బిగబట్టింది. "దీని దుంపతెగా, ఊపిరి తియ్యవే!" అని అమ్మమ్మ గొంతు, వీపుమీద చిన్న చరుపు, గుక్కపెట్టి ఏడుపు. వెంటనే అమ్మమ్మ నవ్వు. తొట్టికి నేర్పిన పాఠంలో ఈ ముక్కే లేదు.

పైడితల్లి నేరుగా ఇంజనీరు లింగస్వామి దగ్గరికి వెళ్లింది. "చివరి ముక్క ఏటయింది బాబూ?"

"గదా? పోరగాళ్లు జడుసుకుంటున్నరు గద డాక్టరమ్మా. వైద్యంల భయమెందుకని కోసేసిన."

"అసలు మందే కోసేశావు! ఆ కేతకి ఒంటికి భయం మొదలవడమే తెలుసు, అయిపోవడం తెల్దు. రోజుకోసారి భయపడి, వెంటనే ఒక చెయ్యి తగిలితే కదా తెలిసేది!"

"పేషెంటును భయపెడితే మన లైసెన్సు పోతది."

"పోతే పోనీ. ఆ ముక్క మళ్లీ కలిపి, ముందు నన్ను పడుకోబెట్టు."

పడుకుంది. మొహాన నీళ్లు పడగానే కెవ్వుమంది. లేచి దగ్గుతూ, "ఓలమ్మో, ప్రాణం పోయొచ్చింది! ఇదే కావాలి," అంది. తర్వాత కేతకికి ఏదీ దాచకుండా చెప్పింది. "వద్దనిపిస్తే చెయ్యెత్తు, ఆపేస్తాను. నేను పక్కనే ఉంటాను." కేతకి ఒకసారి చెయ్యెత్తి చూసుకుని తలూపింది.

మొదటిరోజు ఊపిరి ఆగింది, చేతులు బిగిశాయి. సిలికోన్ చెయ్యి వీపు చరిచింది. ఇరవయ్యారేళ్ల మనిషి పసిపిల్లలా గుక్కపెట్టి ఏడ్చింది. పైడితల్లి ఆమె పక్కనే కూర్చుంది. నాలుగోరోజు ఏడుపు తగ్గింది. ఏడోరోజు దగ్గి, మొహం తుడుచుకుని, "చన్నీళ్లు పోశారా ఏంటి ఇవాళ!" అని నవ్వింది.

పరీక్షరోజున సంపూర్ణ కావాలనే పాప పాలవేళ దాటించింది. పాప ఏడుపు లంకించుకుంది. కేతకి భుజాలు బిగిశాయి. లింగస్వామి కళ్లు మూసుకున్నాడు. కేతకి ఒక్కసారి పెద్దగా ఊపిరి పీల్చింది, మోచేతులు వంగాయి. పాపను భుజాన వేసుకుని, "వచ్చాను తల్లీ, వచ్చాను," అంది. పాప తల్లి దగ్గరే ఉండొచ్చన్న కాగితం మీద సంపూర్ణ సంతకం పెట్టింది. పైడితల్లి ఎవరైనా చూస్తున్నారని కూడా అనుకోకుండా భోరున ఏడ్చేసింది.

మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే బయట ముప్పైమంది తల్లులు, చంకల్లో పిల్లలు. అందరికంటే ముందు కేతకి.

"ఏటమ్మా?"

"పాపకి లాల పొయ్యాలి కదండీ. నా చేతులకంటే తొట్టి చేతులే నయం. దానికి విసుగుండదు. నాకు డ్యూటీ టైమయిపోతోంది."

"మావాణ్ణి కూడా వేసుకోండి, సాయంత్రం వచ్చి తీసుకెళతాం," అంది వెనకనుంచి ఇంకొకావిడ.

"చిన్న తొట్లు ఓ యాభై చేస్తే అయిపాయె!" అన్నాడు లింగస్వామి ఉత్సాహంగా.

పైడితల్లికి ఒళ్లు మండిపోయింది. బిడ్డను ఎత్తుకోవడానికని ఆ చేతుల్ని బాగుచేస్తే, అవే చేతులు బిడ్డను యంత్రంలో పడెయ్యడానికి వరసలో నిలబడ్డాయి! ఆమె వెళ్లి తొట్టి కరెంటు ప్లగ్గు పీకేసింది.

"పిల్లల్ని ఇందులో వెయ్యను. ఇవాళే కాదు, ఎప్పటికీ. నీళ్లున్నాయి, మీకు కాళ్లున్నాయి. కింద కూర్చోండి, నేర్పుతాను."

ఒక్కసారిగా గోల లేచింది. ఫిర్యాదు చేస్తామన్నారు, నీళ్లేమన్నా నీ సొంతమా అన్నారు. ఒక్కొక్కరే తిట్టుకుంటూ వెళ్లిపోయారు. కేతకి కూడా గుమ్మం దాకా వెళ్లింది. పాప వైపు చూసింది, గడియారం వైపు చూసింది, చాలాసేపు అక్కడే నిలబడి వెనక్కి వచ్చింది. ఆమె వెనకే ఇంకొకావిడ.

"ముప్పైమందిల ఇద్దరే మిగిలిన్రు డాక్టరమ్మా," అన్నాడు లింగస్వామి దిగులుగా.

పైడితల్లి చీర కుచ్చిళ్లు దోపుకుని బకెట్టు దగ్గరికి లాక్కుంది.

"కాళ్లు చాపండి," అంది.